నేర్పినవారి పేరు

పేగులు కడగడం కోడలి పని. ఇరవై రెండేళ్ళుగా ప్రతి డిసెంబరులోనూ, అత్తగారింట్లో పంది కోసిన రోజున నా వాటా అదే. మగవాళ్ళు పొద్దున్నే పండ్ల సారా ఒక గుక్క వేసుకుని, కత్తి పట్టుకుని ఫోటోలు దిగుతారు. నేను పెరట్లో బల్ల ముందు నిలబడి, సాసేజీల మాంసం కూరే పేగును తిరగేసి, గీకి, ఉప్పూ వెనిగరూ పట్టించి మళ్ళీ కడుగుతాను. "మా బోరికి ఆఫీసులోనూ పేగులే, ఇంట్లోనూ పేగులే. అదృష్టమంటే దానిదే" అని మా ఆయన గెర్గే ఏటా అదే జోకు వేస్తాడు. అందరూ ఏటా కొత్తగా విన్నట్టే నవ్వుతారు.

జోకు సంగతి అటుంచితే, మాట నిజమే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందును పంది పేగు లోపలి పొర నుంచి తీస్తారు. ఆ సరుకు వల్ల రోగులకు ముప్పు రాకుండా చూడటం నా ఉద్యోగం. పందిదైతే పరవాలేదు. అందులో గొర్రెదో ఆవుదో కలిస్తేనే భయం. ఆ జాతుల్లో మెదడును తినేసే రోగం ఒకటి ఉంది, మరగబెట్టినా చావదు.

పోయిన నెల మాకు పేగులు పంపే కబేళాకు తనిఖీకి వెళ్ళాను. కాగితాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. 'పంది మాత్రమే' అని ప్రతి పేజీలోనూ ఉంది. ఊరికే పేగుల తొట్టిలో చెయ్యి పెట్టాను. ఒక ముక్క వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది, మరీ సన్నం. సన్న సాసేజీల కోసం అత్తయ్య ఏటా కొనుక్కొచ్చే గొర్రె పేగు నాకు తెలియదా? సరుకు ఆపేయమని, ఆ ముక్కను ల్యాబుకు పంపాను.

"కాగితం బాగుంది కదా బోరి గారూ, సంతకం పెట్టెయ్యండి" అన్నాడు మా మేనేజరు. "వేళ్ళకి తెలిసిందంటే పైవాళ్ళు నవ్విపోతారు. తప్పని తేలితే మీ ఉద్యోగానికే ఎసరు."

పెట్టలేదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా పది రోజులు నాకు తిండి సయించలేదు. సరుకులో గొర్రె పేగు ఉందని తేలింది. పొద్దున గొర్రెల్ని కోసిన బల్లమీదే మధ్యాహ్నం పంది పేగులు శుభ్రం చేశారట. నవ్వాల్సిన పైవాళ్ళు, ఈ చేతి పరీక్ష అందరికీ నేర్పమని నాకో ఫారం పంపారు. 'అనుభవం' అన్నచోట 'ఇరవై రెండేళ్ళు' అని రాశాను. రాస్తుంటే చెప్పలేనంత సంతోషం వేసింది. ఇన్నేళ్ళ చాకిరీ కూడా పనేనని మొదటిసారి ఒక కాగితం ఒప్పుకుంది.

ఈ రోజు బల్ల దగ్గర ఇదంతా అత్తయ్యకు చెప్పాను. ఆవిడ గీకడం ఆపలేదు.

"నీకెవరు నేర్పారని అడగలేదా అమ్మాయ్?"

"అడిగారు అత్తయ్యా. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. సోమవారం ఇచ్చెయ్యాలి."

"ఇంకా అవలేదా బోరీ? మాంసం కలిపేసి అరగంటైంది" అంటూ గెర్గే వచ్చాడు. తొట్టి అతని వైపు జరిపాను.

"ఇది శిక్షణ ఉన్నవాళ్ళు చేసే పని. నీ శిక్షణ ఇవాళే మొదలు."

నవ్వబోయి, నా మొహం చూసి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

అత్తయ్య చేతులు తుడుచుకుంది. ఇంటి పోస్టు డబ్బా మీదా, పింఛను కాగితం మీదా ఆవిడ పేరు 'బోగ్నార్ ఇమ్రేనే', అంటే బోగ్నార్ ఇమ్రే పెళ్ళాం. మామగారు పోయి తొమ్మిదేళ్ళయినా అదే పేరు.

"అక్కడ నా పేరు రాసేట్టయితే" అంది మెల్లగా, "ఇమ్రేనే అని రాయకు. ఎటెల్క అని రాయి. పుట్టింటి పేరుతో, చోర్దాష్ ఎటెల్క."