ఇసుక తగలకూడదని

దూది చివర ఒక్క చుక్క స్పిరిట్ వేసి, లెన్సు గాజును నడిమి నుంచి అంచుదాకా చుట్టుకుంటూ తుడవడం మిసాక్ నలభై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పని. అంచుకు రాగానే ఆ దూది పారేస్తాడు. దాన్ని మళ్లీ నడిమికి తేవడమంటే ఆయనకు ఎంగిలి చెయ్యి అన్నం గిన్నెలో పెట్టినంత తప్పు. శుక్రవారం పొద్దున అమ్మాన్ పాత బజారులో ఈ అర్మేనియన్ ముసలాయన కొట్టు ఒక్కటే తెరిచి ఉంటుంది.

మనిషి సన్నం. కళ్లద్దాలు నుదుటి మీద, చొక్కా జేబులో గుండె మాత్రలు. పెళ్లి మాట మరిచిపోయి చాలాకాలమైంది. ఆయన పేరుతో ఒక్క ఫొటో ఎక్కడా అచ్చు కాలేదు గాని, ఊళ్లో అచ్చయిన ఫొటోల్లో సగం ఆయన తుడిచిన గాజుల్లోంచే వచ్చాయి. ఆ సంగతి ఆయన చెప్పుకోడు, ఎవరూ అడగరు.

నవాఫ్ మోటారుసైకిలు గుమ్మం ముందు ఆగింది. అతను అజ్రక్ చిత్తడినేలల్లో కాపలాదారు. వారమంతా పక్షుల్ని లెక్కపెడతాడు, శుక్రవారాలు రుమ్మాన్ కొండదారిలో కార్ల పందేలు ఫొటోలు తీస్తాడు. లోపలికి వస్తూనే తన ఫొటోలు బల్ల మీద పరిచాడు.

"చూడండి ఉస్తాద్, కొంగకు రెండు ముక్కులు. కారు మీది నంబరు మూడో ఎనిమిదో దేవుడికే తెలియాలి. ఇవాళ కూడా ఇలాగే తెస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటామన్నారు పందేల క్లబ్బువాళ్లు. ఈ లెన్సుతో నా వల్ల కాదు, వేరేది చూపించండి."

"కారేమో నీ మీదికొస్తుంది, పిట్టేమో నిన్ను చూసి పారిపోతుంది. రెంటినీ ఒకే లెన్సు పట్టాలి, పైగా చవగ్గా ఉండాలి! లెన్సు వెతుకుతున్నావా, పెళ్లికూతుర్నా?"

"పెళ్లికూతురైతే ఇంట్లో ఉన్నావిడ ఊరుకోదు. లెన్సే ఇవ్వండి."

మిసాక్ రెండు పాత లెన్సులు తీశాడు. ఒకటి నాలుగువందల మిల్లీమీటర్ల దాకా దూరాన్ని దగ్గరికి లాగుతుంది. సందె వెలుగులోనూ పనిచేస్తుంది గాని రాయిలా బరువు. రెండోది ఆరువందల దాకా లాగుతుంది. తేలిక, ధర కూడా నయం.

"దీని పౌరుషమంతా ఎండ ఉన్నంతసేపే. తెల్లారకముందు నీ కొంగలు దీనికి కనపడవు," అన్నాడు.

నవాఫ్ రెండూ ఎత్తి చూసి ఆరువందలదే పట్టుకున్నాడు. పెద్ద లెన్సు ఏదైనా సరే, ఒకరోజు వాడి చూడకుండా మిసాక్ అమ్మడు. అప్పటిదాకా కొనేవాడి పాత లెన్సు ఆయన దగ్గరుండాలి.

"ఒక రోజు కాపురం చేసి చూడు. నీ పాతది ఇక్కడ పెట్టు."

"నచ్చితే సాయంత్రం డబ్బుతో వస్తా. పందెం దగ్గరే బండికి బేరగాడున్నాడు."

"బండి అమ్మేస్తే చిత్తడి చుట్టూ ఎలా తిరుగుతావురా?"

"నడుస్తా," అని నవ్వాడు నవాఫ్. ఆ నవ్వు మిసాక్‌కు నచ్చలేదు.

బండి చప్పుడు దూరమయ్యాక ఆయన పాత లెన్సును స్టాండు మీది కెమెరాకు తగిలించి, కిటికీలోంచి ఎదుట పాత కోట ఉన్న ఖలా కొండకు గురిపెట్టాడు. ఒక డాబా మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. లెన్సు పూర్తిగా లాగితే తీగ రెండు తీగలైంది, పావురానికి నీడలాంటి ఇంకో పావురం అంటుకుంది. దగ్గరి వస్తువులన్నీ బాగానే ఉన్నాయి. లోపల బూజు పట్టిందేమోనని భూతద్దం పెట్టి చూశాడు. లేదు. ముందున్న రక్షణ ఫిల్టరు అంచు మీద మాత్రం పిన్నుతో పెట్టినంత ఎర్ర చుక్క కనిపించింది.

గోళ్ల రంగుతో ఆ చుక్క పెట్టింది మిసాకే. ఉచితంగా ఇచ్చే ప్రతి వస్తువు మీదా పెడతాడు. ఆరేళ్ల కిందట నవాఫ్ ఈ లెన్సు కొన్నప్పుడు, "అజ్రక్ ఇసుక తగలకూడదు, దీన్ని ఎప్పుడూ తియ్యకు. ఎర్ర చుక్క నా సంతకం," అంటూ ఆ నాసిరకం అద్దాన్ని తన చేత్తోనే బిగించాడు. నవాఫ్ మాట జవదాటలేదు. ఆరేళ్లూ, దూరపు బొమ్మను రెండుగా చీల్చే ఆ అద్దంలోంచే చూశాడు.

మిసాక్ సిగ్గుతో చితికిపోయాడు. పోనీ, నోరు మూసుకుంటే? ఎవరికీ తెలియదు. లెన్సు అమ్ముడుపోతుంది, పేరు నిలుస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసి ఫోను అందుకున్నాడు. మోగింది, ఎత్తలేదు. నాలుగుసార్లు చేసినా అంతే. ఇంజన్ల హోరులో వాడికేం వినపడుతుంది?

సరే, ముందు అద్దం తియ్యాలి. రబ్బరు చుట్టి తిప్పాడు. అజ్రక్ ఉప్పుధూళి మరల్లో గట్టిపడి రాయైంది, కదల్లేదు. నమాజయ్యాక పక్కన తాళంచెవులు చేసే అబూ జకీ కొట్టు తెరవగానే వెళ్లి సన్న రంపం అడిగాడు.

"ఆ చేతులకు రంపమా? మొన్న కాఫీ సగం చొక్కాకే తాగించావు కదయ్యా. ఇటివ్వు, నేను కోస్తా."

"నేను పెట్టిందాన్ని నేనే తియ్యాలి, జకీ."

ఫిల్టరు అద్దం మీద తడి కాగితం అంటించి, చుట్టూ ఉన్న లోహపు అంచును కొయ్యడం మొదలుపెట్టాడు. పల్చటి ఆ అద్దం వెనకే లెన్సు గాజుంది. రంపం వెంట్రుకవాసి జారితే అది గీరుకుపోతుంది, నవాఫ్‌కు పాతదీ మిగలదు. రెండు కోతలు, ఒక ఊపిరి. చేయి వణికినప్పుడల్లా ఆగి, మోకాలికి అదుముకుని, మళ్లీ మొదలు. మెడలోంచి ఎడమ భుజానికి నొప్పి పాకింది. మాత్ర ఒకటి నాలుక కింద పెట్టుకున్నాడు గాని రంపం వదల్లేదు.

చిన్న చప్పుడుతో అంచు విడింది. లెన్సు గాజు మీద ఒక్క గీత లేదు. కొత్త దూదితో దాన్ని తుడిచి, మళ్లీ కొండ వైపు చూశాడు. తీగ ఒకటే. దాని మీద పావురం ఒకటే, కంటి చుట్టూ నారింజ రంగు గీతతో సహా. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఈసారి ఫోను ఎత్తారు.

"నవాఫ్! బండి ఇచ్చేశావా?"

"తాళం చేతిలోనే ఉంది. కొనేవాడు ఎదురుగా నిలబడ్డాడు. లెన్సు మాత్రం బ్రహ్మాండం ఉస్తాద్! నంబర్లన్నీ..."

"ఇవ్వకు. నీ పాతది కూడా బ్రహ్మాండమే. తప్పు నాది. బండి మీదే రా, వచ్చాక చెప్తా."

"మీరు చెబితే సరే," అన్నాడు నవాఫ్.

మిసాక్ కాఫీ పెట్టుకుందామనుకుని, ముందు కాస్త నడుం వాల్చుదామని కుర్చీలో కూర్చున్నాడు. చెప్పాల్సింది మనసులో కూర్చుకుంటుంటే కిటికీలోంచి వచ్చే ఎండ బల్ల దిగి నేల మీదికి జరిగింది. ఆ మధ్యలో ఎప్పుడో ఆయన ఊపిరి ఆగిపోయింది.

సందెవేళ నవాఫ్ వచ్చి పిలిచాడు. భుజం తట్టాడు. ఆ చల్లదనం తెలిశాక గట్టిగా ఏడ్చేశాడు. అబూ జకీ పరుగున వచ్చి, మిసాక్ కళ్లు మూసి, చర్చికి కబురు చెయ్యడానికి వెళ్లాడు.

కొట్లో ఒంటరిగా మిగిలిన నవాఫ్‌కు స్టాండు మీద తన పాత లెన్సు కనిపించింది. తప్పు నాది అని ఆయన దేన్ని అన్నాడో తెలియక, కన్ను ఆనించి చూశాడు. కొండ మీద చివరి వెలుగులో ఖాళీ తీగ, దాని మీద చెక్క క్లిప్పులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. చాలాసేపు కన్ను తియ్యలేకపోయాడు.

బల్ల మీద, శుభ్రమైన గుడ్డలో, ఒకచోట కోసిన నల్లటి ఫిల్టరు ఉంది, ఎర్ర చుక్క పైకి కనిపించేలా.