కందగడ్డ తిన్న నీడ

పందెం. సగం దాక రాకముందే నువ్వు "అబద్ధం" అంటవ్. అనాలనిపిస్తే నాతోని కాదు, చండ్రుగొండ సంతకు పోయి ఇన్నమ్మ రొయ్యల తట్ట ముంగట నిలబడి అను. ఆమె నిన్ను ఒక్క మాట అనదు. తట్టలకెళ్లి బతికున్న ఎండ్రికాయను తీసి నీ చేతుల పెడ్తది, గంతే.

సరే విను. రెండువేల ఆరు నాటి ముచ్చట.

ఇన్నమ్మ పొద్దుగాల నాలుగింటికే లేస్తుండె. వైరా కెళ్లి ట్రాలీ ఆటోల ఐస్ డబ్బాలు వస్తయి. రొయ్యలు ఒక దిక్కు, ఎండ్రికాయలు ఒక దిక్కు, అడిగినోళ్లకు మాత్రమే ఇచ్చే నత్తలు కింద గోనెసంచిల. ఆమె పక్కనే జంపక్క కూసుంటది. జంపక్కయి అన్నీ గడ్డలు. చేమగడ్డలు, చిలగడదుంపలంటరు చూడు గా కందగడ్డలు, ఇగ అడవిల తవ్వి వాగు నీళ్లల్ల నానబెట్టి చేదు దింపిన అడవిగడ్డలు. ఇద్దరికి కలిపి కింద పరిచే పట్టా ఒకటే, ఒకటే గొడుగు, ఒకటే లొల్లి. పన్నెండేండ్ల సంది అదే లొల్లి.

"రొయ్య తింటే రక్తం పడ్తది."

"గడ్డ తింటే గట్టిగుంటరు."

"నీ గడ్డలు పందులు తవ్వుకొని తినేటివి, జంపక్కా!"

"అవ్, అడవిపందికి ఎప్పుడన్న ఎదురుపోయి చూడు ఇన్నమ్మా, దాని బలమెంతో తెలుస్తది."

ఎవరిది నిజమో తేల్చాలంటే తినేటోళ్ల నీడ చూస్తరు. ఆ దిక్కు ఏం తింటే అది నీడల కనబడ్తది. వాన పడితే తడుస్తరు చూడు, గట్లనే అది గూడ. అన్నం తిన్నోళ్ల నీడ బుద్ధిగ పక్కనే నడుస్తది. రొయ్యలు తిన్నోళ్ల నీడ అడుగు ముంగట ఎగురుకుంట పోతది. ఎండ్రికాయ తింటే అడ్డం నడుస్తది. గడ్డలు తిన్నోళ్ల నీడ మస్తు బరువు, కూసున్నకాడ కూసుంటది, మనిషి లేచి పోయినంక తీరిగ్గ లేస్తది. బొగ్గుబాయిల పనిచేసే బిక్షపతి నీడ అయితే రోజు పది నిమిషాలు లేటుగ గేటు దాటేది. హాజరు మాత్రం మనిషికే వేసేటోళ్లు.

ఇగ ఇన్నమ్మ బిడ్డ స్తుతి. ఇరవై ఒకటి. ఫారెస్ట్ గార్డు రాత పరీక్ష పాసైంది. నడక పరీక్ష ఒక్కటే మిగిలింది. అడవిల చెక్‌పోస్ట్ కాడ ఆరింటికి మొదలుపెట్టి, చండ్రుగొండ కట్టెల డిపో దాక పదహారు కిలోమీటర్లు, పదింటికల్లా చేరాలె. చేరితే కొలువు, లేకపోతే ఐస్ డబ్బా. ఇంతకుముందు గీ కొలువులు పడి ఎనిమిదేండ్లైంది. మళ్లెప్పుడు పడ్తయో దేవునికే ఎరుక. తట్ట ఎత్తుడు చేతకాక కాదు గని, స్తుతికి అడవంటే పానం. ఏ చెట్టు ఎప్పుడు పూస్తదో చెప్తది. కని పిల్లకు రక్తం తక్కువ. ఎనిమిది.

దవాఖానల నర్సు హైమ మేడం ముంగట ఆ రోజు స్తుతితోపాటు వీళ్లిద్దరు గూడ కూసున్నరు.

"వంద గ్రాముల రొయ్యల్ల ఇరవై గ్రాముల దాక మాంసకృత్తులు ఉంటయి," అన్నది మేడం. "కందగడ్డల రెండు గూడ ఉండయి."

ఇన్నమ్మ జంపక్క దిక్కు తిరిగి కండ్లెగరేసింది.

"ఆగమ్మా, అయిపోలే. నడవాలంటే ఒంటికి పిండి పదార్థం కావాలె. అది రొయ్యల్ల లేనట్టే లెక్క. కందగడ్డల ఇరవై ఉంటది."

ఇప్పుడు జంపక్క ఎగరేసింది.

"కండ కట్టేది ఆమె తట్ట, కాళ్లను నడిపేది ఈమె తట్ట. రక్తానికైతే రొయ్యల కంటే నత్తలు నయం. ఐరన్ గోలీలు మాత్రం ఆపొద్దు స్తుతీ, వింటున్నవా?"

స్తుతి విన్నది. ఇన్నమ్మ సగమే విన్నది. నెల రోజులు పెద్ద పెద్ద రొయ్యలు ఏరి బిడ్డకే వండింది. అడిగితే నత్తలు గూడ పెట్టింది. గడ్డ మాత్రం ఇంట్లకు రానియ్యలే.

ఇన్నమ్మ భయం గూడ ఉత్తది కాదు. పోయినసారి పరీక్షల కొందరు పోరగాళ్లు పీకలదాక రొయ్యలు తిన్నరు. నీడలేమో ఎనిమిదింటికే డిపోకు వచ్చినయి, పోరగాళ్లేమో పొద్దుగూకినంక వచ్చిండ్రు. వచ్చినట్టా రానట్టా అని పెద్ద పంచాయితీ. అప్పటిసంది రూలు పెట్టిండ్రు, మనిషి, నీడ, రెండు గీత దాటాలె అని.

"గడ్డ తిన్నవనుకో, నీడ చెక్‌పోస్ట్ కాడనే కూసుంటది," అనేది ఇన్నమ్మ. "నువ్వు వచ్చి ఏం ఫాయిదా?"

స్తుతి రోజు పొద్దుగాల రోడ్డు మీద నడక మొదలుపెట్టింది. రొయ్యల బలం, ఐదు కిలోమీటర్లు గాలిల పోయినట్టే పోతుండె. ఆరోదానికి మైలురాయి మీద కూలబడుతుండె. ఒకరోజు అడవికెళ్లి గంపతోని వస్తున్న జంపక్క చూసింది.

"ఏందే పోరీ, గిట్ల పడ్డవ్?"

"చాతకాట్లేదు పెద్దమ్మా."

జంపక్క చీరకొంగుల మూటగట్టుకున్న కందగడ్డలు తీసింది, బూడిదల కాల్చినయి. "తిను. మీ అమ్మకు చెప్పకు, నన్ను పట్టా మీదికెళ్లి ఎల్లగొడ్తది."

రెండు తిని ఇంటి దాక ఆగకుంట నడిచింది స్తుతి. ఇగ ఆ దినం సంది ఇంట్ల రొయ్యలు, రోడ్డు మీద కందగడ్డలు.

ఎన్ని రోజులు దాగుతది? పరీక్షకు ముందటి ఆదివారం, చర్చిల ఆఖరు ప్రార్థన అయింది, అందరు ఆమెన్ అని లేచిండ్రు. స్తుతి గూడ లేచి చెప్పులేసుకుంది. నీడ మాత్రం చాప మీద కూసునే ఉన్నది. పాస్టరు బెంజమిన్ గారు తాళంచెవి పట్టుకొని కాసేపు చూసిండు.

"ఇన్నమ్మా, మీ బిడ్డ నీడను జెర లేపమ్మా. తలుపేసుకోవాలె."

ఇన్నమ్మ బిడ్డ చెయ్యి పట్టుకొని ఇంటికి తోలుకపోయింది. గడప దాటినంక అడిగింది. "జంపక్కేనా?"

"అవ్."

"రేపే పరీక్ష. నా నోట్ల మన్ను కొట్టిండ్రు కదనే ఇద్దరు కలిసి."

"అమ్మా, రొయ్యలతోని ఉరుకుత, కని ఆఖరు దాక నిలవను. పదహారు కిలోమీటర్లు నిలవాలె."

"మరి నీడ?"

"నీడ సంగతి నేను చూసుకుంట."

తెల్లారి ఇన్నమ్మ రొయ్యల కూర, అన్నం పెట్టింది. చెక్‌పోస్ట్ కాడ జంపక్క కందగడ్డలు పెట్టింది. స్తుతి రెండు తిన్నది. ఈల ఊదిండ్రు. స్తుతి నడిచింది. నీడ కూసుంది.

ఏం చేస్తది? నడుచుడే. కాళ్ల కింద ఖాళీగుంటే అదో తీరుగ ఉంటది, చెప్పులు మర్చిపోయినట్టు. ఎనిమిదో కిలోమీటరు కాడ వెనక్కి తిరిగి చూస్తే మలుపుల ఎక్కడ్నో నల్లగ కదులుతుంది, బండి లాగే దున్నపోతు లెక్క, తొందర లేదు, ఆగుడు లేదు. పన్నెండోదానికి పక్కన నడిచే పిల్లలు ఇద్దరు రోడ్డు మీద కూలబడ్డరు. స్తుతి పడలే.

తొమ్మిది యాభై రెండుకు డిపో గీత దాటింది.

రేంజర్ సారు ఛాతీ నంబరు చూసిండు, గడియారం చూసిండు, తర్వాత నేలను చూసిండు. "నీడ ఏదమ్మా?"

"వస్తుంది సార్."

"పదింటికల్లా రావాలె మరి." పెన్ను మూత పెట్టిండు.

బస్సులల్ల ముందే వచ్చి కట్టెదుంగల కాడ నిలబడ్డ ఇన్నమ్మ, జంపక్క గప్పుడే అందుకున్నరు.

"చెప్పిన్నా లేదా! నీ గడ్డలే, జంపక్కా, నీ గడ్డలే!"

"నా గడ్డలు లేకపోతే నీ బిడ్డ ఆరో మైలురాయి మీదనే ఉండేది!"

స్తుతి చూసింది. నీడ రోడ్డు ఆ కొసకు కనబడుతుంది, ఎనిమిది వందల గజాలు. అదే నడక. ఆ నడకతోని పది దాటుతదని చూస్తెనే తెలుస్తుంది. స్తుతి గీత దాటి వెనక్కి ఉరికింది.

"ఏయ్, యాడికి?" అన్నడు సారు.

"తెచ్చుకుంట సార్!"

ఒంట్ల మిగిలిన రొయ్యల బలమంతా ఆ ఉరుకుడుకే అయిపోయింది. నీడ కాడికి చేరింది. ఇగ ఒక్క అడుగు పడదు. "నడువే, జల్దీ నడువే," అని దాని భుజాల మీద రెండు పాదాలు పెట్టి నిలబడ్డది. అంతే, తనోళ్లు ఎక్కిండ్రని ఎరుకైనట్టు నీడ అడుగు పెంచింది. గడ్డ బలం గదా, ఆగదు. స్తుతి కాలు కదపలే. రోడ్డే కాళ్ల కిందికెళ్లి వెనక్కి పోతున్నట్టుంది. డిపో కాడ అందరు లేచి నిలబడ్డరు. ఇన్నమ్మ లొల్లి బంద్ చేసింది.

తొమ్మిది యాభై తొమ్మిది. సారు వంగి నీడ మడిమ గూడ గీత దాటిందో లేదో చూసిండు. పెన్ను మూత తీసి రాసుకున్నడు. స్తుతికి కొలువొచ్చింది. నెల తిరగకముందే ఖాకీ బట్టలేసుకొని అదే అడవిల బీటు తిరిగింది.

కని ఆ రోజు ఇన్నమ్మ బిడ్డ కాడికి పోలే. సీదా జంపక్క ముంగటికి వచ్చి నిలబడ్డది.

"పొద్దుగాల ఎన్ని పెట్టినవే దానికి?"

"రెండు."

"పదహారు కిలోమీటర్లకు రెండేనా? చేతులు రాలేదా నీకు? నాలుగు పెడ్తే నీడ ఎనిమిదింటికే దాన్ని మోసుకొని రాకపోవునా?"

జంపక్క కొంగు ముడి ఇప్పి ఇంకో కందగడ్డ తీసి ఇన్నమ్మ చేతుల పెట్టింది. ఇన్నమ్మ అటు చూసింది, ఇటు చూసింది, తొక్క తీసి నోటి దాక తెచ్చి...

అబ్బా, వస్తున్ననే అమ్మా! నీళ్ల ట్యాంకరొచ్చిందంట, బిందెలు పట్టాలె. పోతున్న.