ఫ్యాన్ కింద బల్ల

సింగపూర్ శుభ్రమైన ఊరని చెప్పేవాళ్ళతో నేను వాదించను. వాళ్ళు చూసినంత మేరా శుభ్రంగానే ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా నేను చూస్తున్నది ఈ ఊరి కడుపు. జురాంగ్ ఐలాండ్‌లో నూనె ట్యాంకుల అడుగున మోకాలి లోతు పేరుకుపోయే నల్ల బురద, దాన్ని పారలతో గీకే మనుషులు, గీకినవాళ్ళ చెవుల్లోంచి వారం రోజుల దాకా వస్తూనే ఉండే నలుపు. రైల్లో నా పక్క సీటు జురాంగ్ ఈస్ట్ నుంచి పాయా లేబర్ దాకా ఖాళీగానే వస్తుంది. స్నానం చేసి సెంటు కొట్టుకున్నా అంతే. అందుకే ఆదివారం లిటిల్ ఇండియాలో తిరగడం నాకిష్టం. అక్కడ చెత్తబుట్టలు పొంగుతుంటాయి, కాలు పెట్టే సందుండదు, ఎవరి చెమట ఎవరికి అంటుతుందో తెలీదు. ఆ గుంపులో నా వాసన గురించి ఆలోచించే తీరిక ఎవడికీ ఉండదు.

ఈ ఊళ్ళో అన్నిటికంటే కష్టమైనది కూర్చోడానికి చోటు. హోటలు బల్లమీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి తిండి తెచ్చుకోడానికి వెళ్ళిపోతారు. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. కొత్తలో నేను ఆ ప్యాకెట్టు పక్కకి తోసి కూర్చుని ఒక చీనా ముసలమ్మ చేత నానా మాటలూ పడ్డాను. తరవాత నేర్చుకున్నాను. బల్లమీద వస్తువుంటే మనిషి వస్తున్నట్టే లెక్క. ఆ మాటని ఇక్కడ ఎవరూ అనుమానించరు.

నా పని ట్యాంకు బయట. ట్యాంకు పక్క గోడకి నడుము ఎత్తున ఒక మ్యాన్‌హోల్ ఉంటుంది. వంగి దూరాలి. దాని పక్కన బోర్డు, బోర్డుకి కొక్కేలు. లోపలికి వెళ్ళేవాడు తన ఫొటో, పేరు ఉన్న ట్యాగు కొక్కేనికి తగిలించి వెళ్తాడు, బయటికొచ్చాక తీసి మెడలో వేసుకుంటాడు. కొక్కేనికి ట్యాగుంటే మనిషి లోపల, లేకపోతే బయట. ఏడుగురు వెళ్తే ఏడుగురినీ బయటికి తేవాలి. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి కూడా అర్థమయ్యే ఉద్యోగం.

నేను చెప్పబోయే ట్యాంకు పని మొదలైన వారం రోజులూ మేం ఎండలోనే తిన్నాం. భోజనాల షెడ్డులో నాలుగు బల్లలు, ఒకే ఒక్క పెద్ద ఫ్యాను. షెడ్డు పక్కనే పనిచేసే ఇంకో కంపెనీవాళ్ళు మాకంటే ముందే చేరి బల్లలన్నీ పట్టేసేవాళ్ళు. మేం చోప్ చెయ్యడానికి మా దగ్గర ఏముంది? హెల్మెట్ తియ్యకూడదు. ఫోను గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి. టిష్యూ ప్యాకెట్టు పెడితే ఫ్యాను గాలికి ఎగిరి బురదలో పడేది.

"ఏటి బాబాయ్, ఈ రోజూ పైపుల నీడేనా మనకి?" అన్నాడు మహీధర్. గాజువాక మనిషి, నలభై ఏళ్ళుంటాయి, నోరు ఊరుకోదు. "పంతొమ్మిదేళ్ళున్నావు ఈ దేశంలో. ఓ బల్ల సంపాదించలేకపోయావు."

మిగతావాళ్ళు నవ్వారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడు పదకొండుంబావుకి మహీధర్ అందరికంటే ముందు బయటికొచ్చి ముఖం కడుక్కుంటున్నాడు. నేను బోర్డు మీది ఏడు ట్యాగులూ తీసి వాడి చేతిలో పెట్టాను.

"పట్టుకెళ్ళి ఫ్యాను కింద బల్లమీద పరిచెయ్."

"ఇవెందుకు తీసీసావు? మునవ్వర్ సార్ చూస్తే?"

"పది నిమిషాల్లో అందరూ వచ్చీస్తారు. చూసేదేటి? ఎల్లు."

మనిషి మొహం ఉన్న ట్యాగుని పక్కకి తోసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బల్లమీద ఏడు మొహాలు పైకి చూస్తూ పడుకుని ఉంటే పక్క కంపెనీ ఫోర్‌మన్, తెల్ల మీసాల చీనా అంకుల్, "వా, స్మార్ట్ లా!" అని నాకు బొటనవేలు చూపించాడు. అబద్ధం ఎందుకు, ఈ దేశంలో నేను అంత తృప్తిగా తిన్న అన్నం లేదు. తడిసిన బట్టలు ఒంటిమీదే ఆరుతుంటే, ప్లాస్టిక్ సంచిలో కట్టిచ్చిన ఐసు కాఫీ స్ట్రాతో పీలుస్తుంటే, ఎవరికో చెందినదాన్ని న్యాయంగా లాక్కున్నట్టు అనిపించింది. తొమ్మిది రోజులు అలాగే చేశాం. ఏమీ కాలేదు.

పదో రోజు శుక్రవారం.

ఇక్కడ కృష్ణప్రసాద్ గురించి చెప్పాలి. తాడేపల్లిగూడెం అవతల ఏదో ఊరు. ముప్పయ్యారేళ్ళు. పని నిదానం. నేను విజిల్ ఊదాక కూడా ట్యాంకు అవతలి చివర బురద గుంట దగ్గర ఇంకో నాలుగు పారలు గీకితే గానీ కదలడు.

"నీ అత్తారింటి అరుగేటి, అంత నున్నగా చేస్తన్నావు?" అనేవాడు మహీధర్.

"మూల వదిలేస్తే మనసొప్పదండీ," అనేవాడు కృష్ణప్రసాద్.

ఆ రోజు ట్యాగులు తీసి మహీధర్‌తో షెడ్డుకి పంపించాను. విజిల్ ఊదాను. మామూలుగా అయితే ఒక్కొక్కడూ బయటికి వస్తుంటే తలలు నేనే లెక్కపెట్టుకునేవాణ్ని. ఇద్దరు వచ్చారు. అంతలో వెనకనుంచి మునవ్వర్ సారు వచ్చాడు. మా సేఫ్టీ ఆఫీసరు, హైదరాబాద్ మనిషి. ఒక చేతిలో, లోపల ఎవరూ లేరని నేను సంతకం పెట్టాల్సిన పర్మిట్ కాగితం, ఇంకో చేతిలో స్టీలు డబ్బా.

"మా బేగం అజ్రా పంపింది, నీ కోసమే. బగారా అన్నం, ఖట్టీ దాల్. గరమ్ ఉన్నప్పుడే తిను భాయ్."

"మేడమ్ గారికెందుకు సార్ శ్రమ?"

"నువ్వు ఎండిపోతున్నవంట, ఆమెకు బాధ. జర సంతకం పెట్టు, నమాజుకి పోవాలె. అందరు బయటికొచ్చిండ్రా?"

డబ్బా మూత సందులోంచి చింతపండు, కరివేపాకు వాసన వచ్చింది. నా వెనక మనుషులు దిగుతున్న చప్పుడు, బూట్లు కడుగుతున్న చప్పుడు వినిపించాయి. నేను తిరిగి బోర్డు వైపు చూశాను.

బోర్డు ఖాళీ.

దాన్ని ఖాళీ చేసింది నేనే. పావుగంట కూడా కాలేదు. అయినా పంతొమ్మిదేళ్ళ అలవాటు నా కళ్ళది. ఖాళీ బోర్డు కనిపించగానే నమ్మేశాయి.

"వచ్చీసారు సార్," అని సంతకం పెట్టాను.

లోపల మనిషి లేకపోతే ట్యాంకులోకి మంచి గాలి కొట్టే బ్లోయర్ ఆపాలి. ఆపాను. పొద్దుటినుంచీ మోగుతున్న ఆ రొద ఒక్కసారి ఆగిపోతే చెవులకి ఎంత సుఖమో చెప్పలేను. మ్యాన్‌హోల్‌కి అడ్డంగా ఎర్ర గొలుసు తగిలించి డబ్బా పట్టుకుని షెడ్డుకి నడిచాను.

బల్ల దగ్గర ఎవరి ట్యాగు వాళ్ళు తీసుకుని మెడలో వేసుకున్నారు. ఫ్యాను సరిగ్గా కిందికి వచ్చే మూల సీటు ముందు కృష్ణప్రసాద్ ట్యాగు ఒక్కటే మిగిలింది. గాలికి దాని తాడు బల్లమీద టపటప కొట్టుకుంటోంది.

"గూడెం పెద్దమనిషి ఏడీ?" అని ఎవరో అడిగారు.

"చేతులు కడుగుతున్నాడేమో. గోళ్ళు కూడా ఒక్కొక్కటీ తోముతాడు గదా, పెళ్ళిచూపులకి ఎల్లేవాడిలాగ," అన్నాడు మహీధర్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతని సీటు అతనికి ఉంది, ట్యాగు బల్లమీద ఉంది. ఇంక దిగులు పడ్డానికి ఏముంది? నేను డబ్బా మూత తీశాను. అజ్రా మేడమ్ చేతి పప్పు పుల్లగా, వెల్లుల్లి పోపుతో, నాలుక చివర కొద్దిగా మండుతూ ఉంది. మహీధర్‌కి రెండు చెంచాలు పెట్టాను. వాడు ఇంకో రెండు అడక్కుండానే తీసుకున్నాడు.

చీనా అంకుల్ పళ్ళెం పట్టుకుని వచ్చి మూల సీటు చూపించి, "హియర్ గాట్ పీపుల్ ఆ?" అన్నాడు.

"గాట్, గాట్. కమింగ్," అన్నాను నోట్లో ముద్దతోనే.

ఆయన ట్యాగు మీది ఫొటో వంక చూసి, తల ఊపి, ఎండలోకి వెళ్ళిపోయాడు. ఎండలో కూర్చుంటున్న ఆయన్ని చూస్తే నాకు లోపల్లోపల సంతోషం కూడా వేసింది. అది కూడా రాసుకోవాలి.

ఐసు కాఫీ సగం అయ్యేసరికి మహీధర్ తినడం ఆపాడు.

"ఒరే, ఆడు నీ ముందొచ్చాడా, ఎనకొచ్చాడా?" అని పక్కవాణ్ని అడిగాడు.

"నా ముందే ఎల్లిపోయాడనుకున్నాను."

"నాకూ అగుపడలేదు," అన్నాడు మూడోవాడు. "నా ఎనకాల ఉన్నాడనుకున్నాను."

ఫ్యాను తిరుగుతోంది. అందరూ ఒకేసారి ఆ ట్యాగు వైపు చూశారు. అందులో కృష్ణప్రసాద్, కొత్త చొక్కా వేసుకుని తీయించుకున్న ఫొటోలో, గుండీ మెడదాకా పెట్టుకుని, మమ్మల్నే చూస్తున్నాడు.

ట్యాంకు దాకా ఆ రెండు వందల అడుగులూ నేను ఎలా పరిగెత్తానో తెలీదు. వెళ్తూనే బ్లోయర్ మీట నొక్కాను. గ్యాసు మీటరుకి తాడు కట్టి మ్యాన్‌హోల్‌లోకి దించితే కూత పెట్టడం మొదలెట్టింది, ఆగలేదు. మహీధర్ గోడకి ఉన్న అలారం కొట్టాడు. నేను గొలుసు లాగేసి తల లోపలికి పెట్టి అరిచాను.

"కృష్ణప్రసాదూ! ఒరే కృష్ణప్రసాదూ!"

నా గొంతే ట్యాంకంతా తిరిగి నా దగ్గరికి వచ్చింది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు ముక్కులో తగిలి, మరుక్షణం ఏ వాసనా తెలీకుండా పోయింది. వాసన తెలీకుండా పోయిందంటే గ్యాసు ప్రాణం తీసేంత ఉందని నాకు తెలుసు. ఒక కాలు లోపల పెట్టాను. మహీధర్ నా నడుం పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఎల్లావంటే ఇద్దరవుతారు! నువ్వు చెప్పిన పాఠవే గదా!"

రెస్క్యూవాళ్ళు గాలి సిలిండర్లతో వచ్చేదాకా ఆ రంధ్రం ముందు నిలబడ్డాం. పన్నెండు నిమిషాలు పట్టిందని తరవాత కాగితంలో రాశారు. కృష్ణప్రసాద్‌ని కాళ్ళు పట్టి బయటికి లాగారు. అవతలి చివర గుంట పక్కన, పార మీద చెయ్యి వేసుకుని పడి ఉన్నాడట. మాస్కు కప్పిన మేర తప్ప ఒళ్ళంతా నలుపు. ఆ కప్పిన మేర పాలిపోయి ఉంది. ఒకడు వంగి చెవి పెట్టి విని, చెయ్యెత్తాడు. ఊపిరి ఉంది.

అంబులెన్సు వెళ్ళిపోయాక మునవ్వర్ సారు మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. నమాజుకి వెళ్తున్నవాడు గేటు దగ్గరనుంచే తిరిగొచ్చాడు.

"బోర్డు మీద అతని ట్యాగు లేదు. బల్ల మీద ఉంది. ఎవరు తీసిండ్రు?"

ఆరుగురూ నేలవైపు చూశారు. ఒక్కడు కూడా నావైపు చూడలేదు, అది ఇంకా ఘోరం. నాకు నా వర్క్ పాసు, పంతొమ్మిదేళ్ళు, ఈ వయసులో మా టెక్కలి బస్టాండులో దిగి నిలబడ్డం, అన్నీ ఒకేసారి కళ్ళముందు కదిలాయి. తరవాత నా నోరు మాట్లాడింది.

"అతనే తీసుకుని బల్లమీద పెట్టుకున్నాడు సార్. మూల మిగిలిపోయిందని మళ్ళీ లోపలికి ఎల్లినట్టున్నాడు. అతని అలవాటు అందరికీ తెలుసు."

మునవ్వర్ సారు పెన్ను తీసి నా మొహంలోకి చూశాడు.

"ఇట్లనే రాయనా ఈశ్వరరావు భాయ్?"

"రాయండి."

నాలుగో రోజు సాయంత్రం జురాంగ్ ఈస్ట్‌లో ఆసుపత్రికి వెళ్ళాను. మహీధర్ కూడా వచ్చాడు గానీ వార్డు బయటే బెంచీ మీద కూర్చుండిపోయాడు. నన్ను చూడగానే కృష్ణప్రసాద్ లేవబోయాడు. గొంతు గరగరలాడుతోంది.

"ఈశ్వర్రావు గారా అండీ. రండి, రండి. కూర్చోండి."

"పడుకో. ఎలా ఉంది?"

"బానే ఉన్నానండీ. బుర్రే సరిగ్గా పన్జెయ్యట్లేదు. శుక్రవారం పొద్దున టీ తాగింది గుర్తుందండీ, ఆపైన ఏం లేదు. ఆఫీసోళ్ళు వచ్చి చెప్పేరు. ట్యాగు నేనే తీసుకుని, మళ్ళీ లోపలికి ఎల్లేనంట కదండీ. ఏం బుద్ధండీ నాది? ఒప్పేసుకుని సంతకం పెట్టేసేను."

నేను తెచ్చిన కమలాపండు ఒలుస్తున్నాను. తొనల మీది పీచు కూడా తీస్తున్నాను.

"మీకూ చెడ్డపేరు తెచ్చేనండీ. ఏవనుకోకండి. ఒంట్లో కుదురుకోగానే ఇంటికి పంపించేస్తారంట."

చెప్పాలనే వెళ్ళాను. నాలుగు తొనలు అతని చేతిలో పెట్టాను. అతను తిని, కాసేపు కిటికీ వైపు చూసి, మళ్ళీ నావైపు తిరిగాడు.

"ఈశ్వర్రావు గారా అండీ. ఎప్పుడొచ్చేరు? ట్యాగు నేనే తీసుకున్నానంట కదండీ..."

మాట మారకుండా మొత్తం మళ్ళీ చెప్పాడు. క్షమాపణతో సహా.

బయటికి వచ్చేసరికి మహీధర్ లేచి నిలబడ్డాడు.

"చెప్పావా?"

"ఈ రోజు కాదు. మనిషి ఇంకా తేరుకోలేదు."

"తేరుకుంటే చెప్తావా?"

నేను లిఫ్టు బటన్ నొక్కాను. వాడు బాబాయ్ అనలేదని లిఫ్టులో దిగుతుంటే గమనించాను. స్టేషను దాకా పక్కపక్కనే నడిచాం. రైల్లో వాడు వేరే పెట్టె ఎక్కాడు.

మర్నాడు కొత్త ట్యాంకు తెరిచారు. కృష్ణప్రసాద్ స్థానంలో ఒక తమిళతను వచ్చాడు. గ్యాసు చూశాను, బ్లోయర్ వేశాను, బోర్డు తుడిచి పెట్టాను. మొదట మహీధర్ వచ్చాడు. మాస్కు బిగించుకుని, మెడలోని ట్యాగు తియ్యకుండా అలాగే చొక్కా లోపలికి దోపుకున్నాడు.

"ట్యాగు తగిలించు," అన్నాను.

"నా దగ్గరే ఉండనీ. నానెక్కడుంటే అదీ అక్కడే ఉంటాది."

"రూలు ఒప్పుకోదు."

"రూలా?" అన్నాడు మాస్కు లోపలనుంచి. "పిలు మరి, మునవ్వర్ సార్‌ని. ఎందుకు తగిలించట్లేదో ఆయనకే చెప్తాను."

నేను పిలవలేదు. వాడు వంగి లోపలికి దూరాడు. వెనకున్నవాడూ ట్యాగు లోపలికి దోపుకున్నాడు. ఆ వెనకవాడూ అంతే. ఏమీ తెలియని తమిళతను కూడా వాళ్ళని చూసి అలాగే చేశాడు. లోపల పారల చప్పుడు మొదలైంది. బోర్డు మీద ఏడు కొక్కేలూ ఖాళీ. లోపల ఏడుగురు. పైపుల పక్కనుంచి మునవ్వర్ సారు సంతకం కాగితం పట్టుకుని నా వైపే నడిచొస్తున్నాడు.