పనసపొట్టు కూర మెచ్చుకున్నవాళ్ళు

శుక్రవారం మధ్యాహ్నమైతే చాలు, మాదాపూర్‌లోని ఆ ఆఫీసు ఆరో అంతస్తులో ఒక టీమంతా మొహాలు వెలిగించుకుని కూర్చునేది. మేనేజరు సీతారామాంజనేయులు గారు ఇంటి నుంచి పెద్ద స్టీలు క్యారియర్ తెచ్చేవారు. అందులో పప్పుతో పాటు, ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు చేసిన పనసపొట్టు ఆవకూర ఉండేది. ఆ కూర నోట్లో పెడితే కటిక చేదు. కూర పొయ్యి మీద ఉండగానే ఆవముద్ద కలిపేస్తే అలాగే అవుతుంది. అమలాపురంలో పుట్టి పెరిగిన జయంతికి ఆ సంగతి మొదటి ముద్దలోనే తెలిసిపోయింది.

తెలిసి ఏం చేసింది? "మా అమ్మ చేతి వంట గుర్తొచ్చిందండీ సార్!" అంది.

టీములో ఆవిడే సీనియర్. ఆవిడ అంత మాట అన్నాక రోహిత్ "అదిరిందండీ" అన్నాడు. రోహిత్ అన్నాక వినయ్ ఇంకో గరిటె వేయించుకున్నాడు. ఇక ఆ కూరకు తిరుగులేకుండా పోయింది. పగలంతా పక్కవాడి కోడ్‌లో తప్పులు పట్టి, పట్టినందుకు లక్షల్లో జీతాలు పుచ్చుకునే మనుషులు, కూర చేదుగా ఉందన్న ముక్క బయటికి చెప్పలేక మూడేళ్ళు దాన్ని మింగారు. ఒక్కొక్కరికీ తనకు తప్ప మిగతా అందరికీ అది నిజంగానే నచ్చుతోందని గట్టి నమ్మకం. పక్కవాణ్ణి అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అలాంటి టీములోకి సాయిచంద్ వచ్చాడు. చందానగర్ కుర్రాడు, అక్కడే పుట్టాడు. మొదటి శుక్రవారమే సార్ స్వయంగా వడ్డించి, "ఎలా ఉందోయ్?" అని అడిగారు.

సాయిచంద్ నమిలి, మింగి, "ఏమనుకోకుండ్రి సార్, జర చేదుగున్నది. పప్పు మాత్రం మస్తుంది" అన్నాడు.

గరిటెలు ఆగిపోయాయి. సార్ ఒక్క క్షణం చూసి, "అలాగా" అని నవ్వి, ఫోనొస్తే బయటికి వెళ్ళారు. సాయిచంద్ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అంతే, టేబుల్ చుట్టూ అందరికీ ఒక్కసారిగా గొంతు వచ్చింది.

"ఎంత పొగరండీ!" అన్నాడు రోహిత్.

"వీళ్ళంతేలే. కారం, మాంసం తప్ప వీళ్ళకి రుచులేం తెలుసు?" అంది జయంతి. నాలుక మీద ఆ చేదు ఇంకా అలాగే ఉంది.

అందరూ నవ్వారు. వినయ్‌ది సిద్దిపేట. అందరికంటే గట్టిగా నవ్వింది వాడే.

ఆ రోజు నుంచి సాయిచంద్ ఏం చేసినా అదే కళ్ళతో చూశారు. రోహిత్ ప్రగతి నగర్ నుంచి రోజూ ఆలస్యంగా వస్తే అది ట్రాఫిక్. సాయిచంద్ ఒక్కరోజు ఆలస్యమైతే "వీళ్ళకి టైమంటే లెక్కే లేదు". ఎవరికీ తెగని సమస్యను అతను ఒక పూటలో తేలిస్తే అదృష్టమన్నారు. అతను లేకుండా కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. శుక్రవారం భోజనాల దగ్గర ఖాళీ కుర్చీలో ఎవరిదో ఒకరి బ్యాగు ఉండేది. రెండు వారాలు చూసి, అతను కింద క్యాంటీన్‌లో తినడం మొదలుపెట్టాడు. దానికీ పేరు పెట్టారు: "చూశారా, కలవడు."

ఒకరోజు సార్ జయంతిని తన గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఆ అబ్బాయి చెప్పింది నిజమేనామ్మా? కరోనా వచ్చి పోయినప్పట్నుంచీ నాకు రుచీ వాసనా తెలియట్లేదు. మా ఆవిడకేమో ఆవ ఒంటికి పడదు, రుచైనా చూడదు. మీకిష్టమని పొద్దున్నే లేచి పొట్టు కొడుతోంది, పాపం చేతులు నొప్పులు. మానేద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. మీరంతా చిన్నబుచ్చుకుంటారేమోనని ఆగాం."

ఇంతకంటే సులువైన అవకాశం మనిషికి దొరకదు. 'అవును సార్, మానేయండి' అంటే చాలు, సుబ్బలక్ష్మి గారి చేతులకు విశ్రాంతి, ఒక గదినిండా జనానికి విముక్తి, ఆ కుర్రాడికి మళ్ళీ కుర్చీ. జయంతికి ఇవన్నీ వరసగా తట్టాయి కూడా. కానీ వాటి వెనకాలే ఇంకొకటి తట్టింది: ఇప్పుడు అవునంటే, ఇన్నాళ్ళూ తాను అన్నదంతా ఏమవుతుంది?

"అయ్యో, మానేయడమేంటండీ! టీమంతా బాధపడుతుంది. అతనికి రుచి తెలియదంతే. కొంతమంది అంతేనండీ, కలవరు" అంది.

సార్ నిట్టూర్చి "సరే మరి" అన్నారు. ఆ నిట్టూర్పు జయంతి విన్నది. విననట్టే బయటికొచ్చి, "సార్ మానేస్తానన్నారు, నేనే పట్టుబట్టి ఆపాను" అని చెప్పింది. చప్పట్లు కొట్టారు. కొడుతున్న మొహాల్లో ఒక్కదాంట్లోనూ సంతోషం లేదని ఆవిడకు ఆ క్షణంలో స్పష్టంగా కనిపించింది. అయినా నవ్వి, అందరికీ థాంక్స్ చెప్పింది.

నెల తిరక్కుండా సాయిచంద్ వేరే టీముకు అడిగి మారిపోయాడు. నాలుగో అంతస్తులో.

ఒక సాయంత్రం జయంతి, రోహిత్ దిగుతుంటే లిఫ్టు నాలుగులో ఆగింది. సాయిచంద్ ఎవరితోనో నవ్వుకుంటూ ఎక్కాడు. ఆవిణ్ణి చూసి, మనసులో ఏమీ పెట్టుకోనట్టు, "బాగున్నరా అక్కా?" అన్నాడు.

జయంతి నోరు తెరవబోయింది. పక్కన రోహిత్ ఉన్నాడు. ఫోన్ తీసి, రాని మెసేజ్ కోసం తెర వైపు చూస్తూ నిలబడింది. సాయిచంద్ కాసేపు చూసి, తన స్నేహితుడి వైపు తిరిగాడు.

కిందికి చేరేదాకా ఆవిడ చెవులు వేడెక్కే ఉన్నాయి. లిఫ్టు దిగాక రోహిత్, "చూశారా, ఎంత చనువో! అక్కట!" అన్నాడు.

జయంతి నవ్వింది.