గోతిమెట్లకు చేతిపట్టు

సీల లాగగానే పైపు మడిచిన మోచెయ్యిలా కిందికి ఒరిగింది. పైకి లేపి సీల దోపగానే నిటారుగా నిలబడింది. చెంచయ్య మడతబందులో ఇంకో చుక్క నూనె పోశాడు. మళ్ళీ మడిచాడు, మళ్ళీ లేపాడు. ఈసారి కిర్రుమనలేదు. అతను నడుము పట్టుకొని లేచి, పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

మిల్లులో ఇంకా మోటారు వెయ్యలేదు. ముత్తుకూరు నుంచి వచ్చిన రెండు బండ్లు బయట ఆగి ఉన్నాయి. హమాలీలు గోడవార కూచొని బీడీలు కాలుస్తున్నారు.

జయరామయ్య రైసుమిల్లుకు నేలకింద ఒక గది ఉంది. పైన తొట్టిలో బస్తా విప్పి పోస్తే వడ్లు ఆ గదిలోకి జారుతాయి. అక్కడ తిరిగే బెల్టుకు డబ్బాలు బిగించి ఉంటాయి. అవి వడ్లను ఎత్తుకొని పైనున్న మరలోకి పోస్తాయి. డబ్బాలకు అందకుండా చిందినవి గది నేలమీద పడతాయి. వడ్లు, నూకలు, తవుడు, మట్టి, అన్నీ కలిసి. ఆ గదిని అందరూ గొయ్యి అంటారు.

గోతి నోటిమీద చెక్కలు పరిచి ఉంటాయి. బస్తాలు మోసేవాళ్ళు వాటిమీదుగానే నడవాలి. అక్కడ జానెడు ఎత్తున ఏది లేచి ఉన్నా కాలు తగిలి బస్తాతోపాటు బోర్లా పడతారు. అందుకే మిల్లు పెట్టిన నాటినుంచీ ఆ మెట్లకు పట్టుకోవడానికి ఏమీ లేదు. మెట్లు నిచ్చెనలాగా నిటారు. తవుడు పేరుకొని నూనె పూసినట్టు జారతాయి. జారితే పక్కనే బెల్టు.

అందులోకి దిగేది ఇద్దరే. బెల్టు చూడటానికి చెంచయ్య, ఊడవడానికి పిచ్చమ్మ.

జయరామయ్య తండ్రి మిల్లు పెట్టినప్పుడే ఒక కట్టుబాటు చేశాడు. గొయ్యి ఊడ్చినందుకు కూలి లేదు. ఊడ్చింది ఊడ్చినవాళ్ళదే. మొదట్లో ఆడవాళ్ళు ఎగబడ్డారు. ఒకామె కాలు విరిగింది. ఇంకొకామె కొప్పు బెల్టులో పడి, ప్రాణం దక్కింది గాని జుట్టు దక్కలేదు. ఆ తర్వాత ఊడ్పు ఊరికే ఇస్తామన్నా ఎవరూ దిగలేదు. అప్పుడే కృష్ణపట్నం రేవు దిక్కునుంచి పిచ్చమ్మ వచ్చింది. వలకు పోయిన మొగుడు తిరిగిరాలేదు. చూపులేని అత్తను చెయ్యి పట్టుకొని వచ్చి, “ఆ గొయ్యేదో నాకు చూపండయ్యా” అంది. అప్పటినుంచి ఆ గోతి అడుగునుంచి బుట్టలో వచ్చేదే ఆ ఇద్దరికీ కూడు.

కరెంటు రాకముందు చెంచయ్య ఈ మిల్లుకు ఆయిలింజను డ్రైవరు. ఇంజను పక్కన పడుకొని, దాని చప్పుడుకు నిద్రపోయి, అది ఆగితే మెలకువ వచ్చే మనిషి. పెళ్ళాం తొలికాన్పులోనే పోయింది. మళ్ళీ చేసుకోమని చెప్పినవాళ్ళ మాట ఇంజను చప్పుడులో వినపడలేదని చెప్పేవాడు. అది నిజం కూడా. ఎడమ చెవి ఆ చప్పుడుకే పోయింది. మోటారు వచ్చాక ఇంజన్ను మద్రాసు పాతసామాను వ్యాపారికి అమ్మేశారు. లారీ ఎక్కిన రోజున చెంచయ్య అన్నం ముట్టలేదు. దాని పొగగొట్టం పైపు ఒకటి మాత్రం మంచం కింద దాచుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు.

ఆ పైపునే ఇప్పుడు కోశాడు.

మొన్న వానల్లో ఒక సాయంత్రం మోటారు ఆపాక గోతిలోంచి ధబ్బుమని వినపడింది. చెంచయ్య లాంతరు పట్టుకొని దిగాడు. పిచ్చమ్మ అడుగుమెట్టుమీద కూలబడి ఉంది. మణికట్టు అప్పుడే వాచింది.

“ఎవరికీ చెప్పబాకన్నా.”

“చెప్తే ఏమవతాదంట?”

“చెప్పబాక. అంతే.”

సిగ్గుపడి అంటున్నదనుకున్నాడు చెంచయ్య. ఆ వారమంతా ఆమె ఎడమచేత్తో చెరిగింది. అది చూసి అతనికి అన్నం సహించలేదు. మెట్లకు చేతిపట్టు పెడతానని జయరామయ్యను అడిగాడు.

“ఇన్నేళ్ళూ లేంది ఇప్పుడెందుకు?” అన్నాడు జయరామయ్య. “పైకి లేచి ఉంటే హమాలీలు తిడతారు.”

“మడిచి పెట్టేది చేస్తానయ్యా. పని లేనప్పుడు చెక్కల కిందికి పోతాది.”

“ఎందుకు పో.”

అప్పుడు చెంచయ్య నోటినుంచి ఆ మాట వచ్చింది. “పిచ్చమ్మ పడిందయ్యా. చెయ్యి విరగాల్సింది. ఈసారి పడితే పోలీసులదాకా పోతాది.”

జయరామయ్య వెంటనే ఒప్పుకున్నాడు. యజమానిని ఎక్కడ నొక్కితే కదులుతాడో కనిపెట్టానని ఆ పూట చెంచయ్య లోలోపల మురిశాడు.

“ఏందన్నా, గోతికి కొమ్ములు మొలిచినాయి?”

ఇంతలో పిచ్చమ్మ పనికి వచ్చేసింది. చంకలో బుట్ట, నెత్తిన గోనెపట్టా. యాభై దాటిన మనిషి, ఎండిన తాటిమట్టలాగా ఉంటుంది.

“కొమ్ములు కాదు. పట్టుకో,” అన్నాడు చెంచయ్య.

ఆమె పట్టుకోలేదు. ముందు చుట్టూ తిరిగి చూసింది. అతను సీల లాగి, పైపును మడిచి, చెక్క మూసి, దానిమీద నిలబడి చూపించాడు. మళ్ళీ తెరిచి లేపాడు. లోపల మెట్ల పొడుగునా కుడిగోడకు బిగించిన పైపును లాంతరు వంచి చూపించాడు.

“మా అత్తకు గూడా ఇట్టాంటి బందొకటి పెట్టియ్యన్నా,” అంది పిచ్చమ్మ. “పొద్దున మడిచిపెట్టి వస్తా. రాత్రికి లేపుకుంటా. కళ్ళు పోయినాయిగాని ఆమె నాలిక పోలా.”

హమాలీ మాల్యాద్రి పగలబడి నవ్వాడు. “చెంచయ్యన్నా, మా లారీచెక్కకు గూడా ఒకటి పెట్టరాదా?”

“నీకు పైపు గాదురా, ముకుతాడు పెట్టాల,” అన్నాడు చెంచయ్య.

పిచ్చమ్మ పైపు పట్టుకొని దిగింది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. తర్వాత కిందినుంచి గొంతు వినపడింది. “అన్నా! రాణీవాసం దిగినట్టు దిగినా!”

ఎక్కి వచ్చింది. బుట్ట కింద పెట్టేసి, పనేమీ లేకుండానే మళ్ళీ దిగింది. మళ్ళీ ఎక్కింది. మొహాన చెమట, కళ్ళలో ఏదో మెరుపు. చెంచయ్య మొహం పక్కకు తిప్పుకొని, బాగానే ఉన్న సీలను మళ్ళీ బిగించాడు. ఇంజను పోయిన తర్వాత అతను చేసిన పనికి ఒకరు సంతోషపడటం ఇదే మొదలు.

మధ్యాహ్నం బెల్టుకు జిగురు రాయడానికి మోటారు ఆపిన వేళ జయరామయ్య వచ్చాడు. తెల్లటి పంచె, చేతిలో చుట్ట. మనిషి చెడ్డవాడు కాదు. సంక్రాంతికి, వినాయకచవితికి అందరికీ గుడ్డలు పెట్టేవాడు. పైపును కాలితో తట్టి చూశాడు.

“గట్టిగానే ఉందే.”

“ఏనుగును కట్టెయ్యొచ్చయ్యా. పట్టుకొని దిగి చూడండి, పడరు.”

ఆ మాట అన్నది చెంచయ్యే. పిలవకపోతే ఆయన దిగేవాడు కాదేమో. ఆ కొప్పు పోయినామెను చిన్నప్పుడు కళ్ళారా చూసిన మనిషి. తన మిల్లే అయినా ఆ గోతిలో ఒక్కసారీ కాలు పెట్టలేదు. ఇప్పుడు పంచె ఎగగట్టి, చుట్ట పక్కన పెట్టి, పైపు పట్టుకొని లాంతరుతో దిగాడు.

చూడాల్సినదానికంటే ఎక్కువసేపే ఉన్నాడు. పైన నిలబడ్డ చెంచయ్యకు లాంతరు వెలుగు అటూ ఇటూ కదలడం కనిపించింది. జయరామయ్య ఎక్కివచ్చి గుప్పిలి విప్పాడు. అరచేతిలో మొలకొలుకుల వడ్లు, బంగారు రంగు గింజలు.

“మంచి వడ్లే పడతన్నాయే.”

“బెల్టు వదులైనప్పుడు చిందతాయయ్యా.”

“చిందింది కాదు, కుప్ప. రోజూ ఇంతేనా?”

ఆ ప్రశ్న ఎటు పోతున్నదో చెంచయ్యకు తెలిసిపోయింది. చెవిటి చెవి అటు తిప్పి, మోటారు దగ్గరికి నడిచాడు. జయరామయ్య మళ్ళీ అడగలేదు. గుప్పిట్లోని గింజల్ని పారెయ్యకుండా జేబులో వేసుకొని ఆఫీసు గదిలోకి పోయి, మేస్త్రీ రమణయ్యను పిలిపించాడు.

పొద్దు వాలాక పిచ్చమ్మ బుట్ట ఎత్తుకొని గోతిలోంచి పైకి వచ్చేసరికి రమణయ్య అక్కడ నిలబడి ఉన్నాడు.

“బుట్ట ఆడ పెట్టు పిచ్చమ్మక్కా.”

“ఆడంటే యాడ?”

“బస్తాల కాడ. ఇకనుంచి గోతి ఊడ్పు మిల్లుదే. ఊడ్చినోళ్ళకు కూలిస్తారు. అయ్య మాట.”

పిచ్చమ్మ బుట్ట దించలేదు. “సరే. కూలికే ఊడుస్తా.”

“నువ్వొద్దంట. మా కోడలు కామమ్మ దిగతాది.”

“ఏం, నాకేం రోగం?”

రమణయ్య ఒకసారి చెంచయ్యవైపు చూసి, ఒప్పజెప్పినట్టు చెప్పాడు. “నువ్వు పడినావంట గదా. చెయ్యి విరగాల్సిందంట. ఈసారి పడితే పోలీసులదాకా పోతాదంట.”

పిచ్చమ్మ మెల్లగా తల తిప్పింది. ఆమెకు తెలిసినంతలో, పడిన సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆ చూపులో కోపం ఉన్నా చెంచయ్య తట్టుకొనేవాడు. లేదు. తూకం తప్పిందని తెలిసిన మనిషి తక్కెడను చూసినట్టు చూసింది. బుట్ట తీసుకుపోయి బస్తాల దగ్గర పెట్టింది.

చెంచయ్య ఆఫీసు గదిలోకి ఉరికాడు.

“ఆమెకు అదే కూడయ్యా.”

“నువ్వే గదా చెప్పింది?” జయరామయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ముసలిదాన్ని ఆ గోతిలో దింపితే పాపం నాది గాదా? కావాలంటే కళ్ళంలో వడ్లు ఎండకు నెరపమను.”

“ఎండలో ఆమె నిలవలేదు. మీ నాయన పెట్టిన కట్టుబాటు...”

“మా నాయన నాటికి దాంట్లోకి దిగడమంటే ప్రాణంమీదికి తెచ్చుకోడమే. అందుకని వదిలేసినాడు. ఇప్పుడు భయమేముంది? ఎవరైనా దిగతారు.”

“పైపు పీకేస్తానయ్యా.”

జయరామయ్య నవ్వాడు. “పిచ్చోడా. ఇన్నేళ్ళకు ఒక మంచి పని చేసినావు. అట్టనే ఇప్పుడే దాంట్లో ఒక బల్బు పెట్టు. రమణయ్య కోడలికి చీకటంటే భయమంట.”

పిచ్చమ్మ పెరట్లో తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. మడమల పగుళ్ళలో ఇరుక్కున్న తవుడును వేలితో తీసి తీసి కడుగుతోంది. చెంచయ్య వెళ్ళి నిలబడ్డాడు.

“నేను నీ మంచికే...”

“తెలుసులే అన్నా.”

చెంబుతో ఇంకోసారి నీళ్ళు పోసుకుంది. తర్వాత నిదానంగా అంది. “పడతానని నాకెప్పుడూ భయంలేదన్నా. పడకుండా దిగేవోళ్ళు ఇంకెవరన్నా వస్తారేమోననే నా భయమంతా.”

చెంచయ్య నేలకేసి చూశాడు. ఆ మెట్ల నునుపు, ఆ చీకటి, ఆ పోయిన కొప్పు కథ, అన్నీ ఇన్నేళ్ళూ ఆమె గింజలకు కాపలా ఉన్నాయి. ఆ కాపలాను అతను తన చేత్తోనే మడిచి చెక్కల కింద పెట్టాడు.

“ఇప్పుడెట్టా?” అన్నాడు.

“తెల్లారి కాలవ పడవలో తడ ఊరికి పోతాం. ఆడ పులికాటు ఒడ్డున మా తమ్ముడుండాడు. రొయ్యలేరుకొని బతకతాం.”

“మీ అత్త అంత దూరం...”

“ఎత్తుకొని పోతా. నువ్వింకా బందు పెట్టియ్యలా గదా.”

నవ్వమన్నట్టు అతని మొహంలోకి చూసింది. చెంచయ్య నవ్వబోయాడు, రాలేదు. ఆమే కాస్త నవ్వి, గోనెపట్టా దులిపి నెత్తిన వేసుకుంది. కాలవకట్ట వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఖాళీ చేతులతో ఆమె ఇంటికి పోవడం చెంచయ్య ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు ఊగుతున్నాయి. పిలుద్దామనుకున్నాడు. పిలిచి ఏం చెప్పాలి? కట్టమీద ఆ గోనెపట్టా చిన్నదైపోయి, తుమ్మల చాటుకు పోయింది.

హమాలీలు వెళ్ళిపోయారు. చెంచయ్య వైరు చుట్ట భుజాన వేసుకొని, చెక్క తీసి, పైపు లేపి సీల దోపాడు. చప్పుడు రాలేదు. కనీసం ఒక్కసారి కిర్రుమంటే బాగుండుననిపించింది. కుడిచేత్తో పట్టుకొని దిగాడు. పైపు చల్లగా ఉంది. గది మధ్య దూలానికి మేకులు కొట్టి, వైరు లాగి, బల్బు తగిలించాడు. మళ్ళీ పైకెక్కి గోతి అంచున స్విచ్చి బిగించాడు. వేశాడు.

మిల్లు పుట్టినప్పటినుంచి ఆ గోతిలోకి అంత వెలుగు పోలేదు.

చెంచయ్య మొదటి మెట్టుమీద నిలబడిపోయాడు. కుడివైపు తన పైపు నిగనిగలాడుతోంది. దాన్ని బిగించినంతసేపూ అతను ఎడమగోడకు వీపు పెట్టే కూచున్నాడు. ఇన్నేళ్ళుగా గుడ్డి లాంతరు పట్టుకొని, కాళ్ళకింది మెట్టు తప్ప ఏమీ చూడకుండా దిగాడు. ఆ గోడను ఇప్పుడే చూశాడు.

సున్నపు గోడమీద ఒక చార. ఆడమనిషి భుజమెత్తున మొదలై, మెట్లతోపాటు వాలుగా దిగింది. మెట్టు మెట్టుకూ అరచెయ్యి ఆనిన చోట సున్నం అరిగి, ఇటుకరాయి కూడా కాస్త లోపలికి గుంట పడింది. అడుగుమెట్టు దగ్గర మాత్రం నాలుగు వేళ్ళు గీరుకుంటూ జారిన గుర్తు, ఇంకా పచ్చిగా, తెల్లగా ఉంది. మిగతాదంతా తవుడు జిడ్డుకు నల్లబడి, రోజూ తాకిన చేతికి నున్నబడి, బల్బు వెలుగులో మెల్లగా మెరుస్తోంది.