తొందర లేని కోటు

చలికోటు మెడ లోపల "తొందర లేకుండా, ప్రేమగా కుట్టినది" అని అచ్చు వేయించిన వాళ్లారా, మీ తొందరకే కొరియా దక్షిణపు కొసన, మొక్పోలో ఒక ముసలమ్మ కూతురి గొంతు వినకుండా పోయింది. ఆ లేబుళ్లు కుట్టింది ఆ కూతురే. భూమిని కాపాడతామని దుకాణం గోడ మీద రాసుకున్నారు. భూమి సంగతి తర్వాత. సియోల్‌లో, కుట్టు కార్ఖానాల చాంగ్సిన్ గుట్ట మీద మిషను ముందు కూర్చున్న మనిషిని ఒక్కరోజు లేవనివ్వండి, చూద్దాం.

ఆ పొద్దున ఇన్సుక్ పొయ్యి మీద చారు పెట్టి, అది పొంగేలోపు నాలుగు చలికోట్లకు లేబుళ్లు వేద్దామని కూర్చుంది. ఇల్లూ కార్ఖానా ఒకటే గది. ఇవతల పొయ్యి, అవతల మిషను, నడుమ ఆమె. భర్త మాన్హో బట్ట కత్తిరిస్తాడు. కత్తిరింపు అయ్యాక కాళ్లు చాపుకుంటాడు, ఎందుకంటే ఆయన మాస్టరు. కుట్టడం అయ్యాక ఆమె గిన్నెలు తోముతుంది, ఎందుకంటే ఆమె ఏమిటో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ముందురోజే మొక్పో నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మకి బాగోలేదు. చూసుకునేవాళ్లు వచ్చి చూసుకోండంటున్నాడు డాక్టరు." తెల్లారి రైలెక్కితే మధ్యాహ్నానికి తల్లి పక్కన ఉండొచ్చు. ఇన్సుక్ వెళ్లొస్తానంది. మాన్హో వెంటనే, ఈ కోట్లు కుట్టించుకునే షాపు యజమానురాలు సేయోన్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

"అయ్యో పిన్నీ! వింటుంటేనే ఏడుపొస్తోంది. కానీ శనివారం మన షాపు ఓపెనింగ్ కదా. మీలా కాలరు కుట్టడం ఎవరికొచ్చు చెప్పండి? అది కాగానే వెళ్దురుగాని, సరేనా?"

ఆమె నోరు తెరిచేలోపే మాన్హో అన్నాడు: "దానికేముందమ్మా, శనివారానికి ఇచ్చేస్తాం."

ఇచ్చేస్తాం! కాపురమంతా ఇదే. మాట ఆయనది, వేళ్లు ఆమెవి. కింద వాటాలో ఉండే అత్తగారు మెట్లెక్కి వచ్చి ఇంకో మాట వేసింది: "మీ అమ్మ పోయిన ఏడాదీ పోతానంది. పోయిందా? లేచి కూర్చుని కిమ్చీ పచ్చడి పెట్టుకుంది." ఇన్సుక్ నవ్వింది. ఆ మాటే నిజమవ్వాలని ఆశపడింది. ఆశపడి మళ్లీ మిషను ముందు కూర్చుంది.

ఇప్పుడు చారు పొంగుతుండగా మళ్లీ ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకర్లో వేసి మిషను పక్కనే పెట్టి మాట్లాడింది.

"అక్కా, అమ్మ చెవి దగ్గర పెట్టాను. మాట్లాడు."

"అమ్మా, ఆదివారం వస్తున్నా. అమ్మా?"

"మిషను ఆపక్కా! ఆ చప్పుడుకు నీ మాట అందట్లేదు!"

ఈ ఒక్క అంచూ అయిపోనీ అనుకుంది. ఒక్క అంచు. అది పూర్తయి పెడలు మీది కాలు తీసేసరికి అవతల తమ్ముడు ఏడుస్తున్నాడు.

మొక్పోలో శవం దగ్గరకు సేయోన్ పూలదండ పంపింది. అన్నిటికంటే పెద్దది. దాని రిబ్బను మీద షాపు పేరూ, "మాస్టరుగారి అత్తగారికి" అనీ ఉంది. ఎంత మర్యాదస్తులో చూశావా అని మాన్హో చుట్టాలందరికీ చూపించాడు. తమ్ముడు మాత్రం అక్క పక్కన కూర్చుని, ఆమెను ఓదారుద్దామనే అన్నాడు: "అమ్మ ఆ చప్పుడు విని, 'అది కుడుతోంది, బాగానే ఉంది' అందక్కా." అంతకంటే అతను ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేది.

కర్మలు అయ్యాక, మాస్టరుగారిని సన్మానిస్తామని సేయోన్ పిలిస్తే, ఇన్సుక్ భర్త వెంట సియోల్‌లోనే సోంగ్సులో ఉన్న ఆ షాపుకు వెళ్లింది. కొనడానికి వచ్చిన ఇద్దరమ్మాయిలు ఒక కోటు లోపలి లేబులు చదువుతున్నారు. "తొందర లేకుండా కుట్టారటే!" "మా మేనేజరు వీపు మీద అతికించాలే ఇది!" కిలకిలా నవ్వుకున్నారు. ఇన్సుక్ వరసగా కోట్లన్నీ తిప్పి చూసింది. ఫోన్ మోగినప్పుడు సూది కింద ఉన్న కోటు ఏదో తెలుసుకోవాలని. తెలియలేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తల్లి ఊపిరి ఆగుతుంటే తన చేతిలో ఒక్క కుట్టయినా వంకర పోలేదు. ఇంతకాలం ఆ ఇల్లు తనను ఎలాంటి మిషనుగా చేసిందో అప్పుడు అర్థమైంది ఆమెకు. గోడకు ఆనుకుని నిలబడింది. ఏడుపు రాలేదు.

సేయోన్ చేతులు జోడించుకుని వచ్చింది. "మాస్టరుగారూ, కోట్లు ఎగిరిపోతున్నాయి! ఇంకో వంద... నెలాఖరుకి?"

"దానికేముందమ్మా, ఇచ్చేస్తాం."

"ఎవరు ఇచ్చేది?" అంది ఇన్సుక్.

"ఏమే, అందరి ముందూ ఏంటిది?" మాన్హో పళ్లు బిగించి నవ్వాడు. "వాళ్లమ్మ పోయింది కదమ్మా, మనసు బాగోలేదు దానికి."

"పిన్నీ, పోనీ వారం ఎక్కువ తీసుకోండి..."

"నువ్విచ్చే వారం నాకొద్దమ్మాయ్. ఆయన నోటితో ఒప్పుకున్న రోజుకి ఇంకెప్పుడూ కుట్టను. నా ఇంట్లో మనిషి పోతుంటే మిషను ఆగుతుంది, ఆ రోజు నువ్వూ నీ షాపు మూసెయ్యాలి. దీనికి ఒప్పుకుంటేనే బట్ట పంపు. ఇటు తిరుగు. ఆయన్ని కాదు, నన్ను చూడు. ఇన్సుక్ గారూ, మీరెప్పటికి ఇవ్వగలరు అని అడుగు. ఇప్పుడే, వీళ్లందరి ముందు అడుగు."