ముప్పై మూడో పేజీ

నేను ఒక రబ్బరు స్టాంపును. గుంటూరు కోర్టు ఎదుట ఒక బడ్డీకొట్లో పుట్టాను. నా మొహాన మూడు వరుసలు చెక్కారు: శాఖా గ్రంథాలయం, ఊరి పేరు, పుస్తకం నంబరు రాసుకోడానికి కాస్త ఖాళీ. అంతకుమించి నాకు ముక్క రాదు. ఇప్పుడు నా భయమంతా దాని గురించే.

నన్ను మొదట పట్టుకున్న చెయ్యి లైబ్రేరియన్ కోటిలింగం గారిది. మనుషుల మీద ఆయనకు రవ్వంత నమ్మకం లేదు. మొదటి పేజీలో ముద్ర వేస్తే దొంగలు ఆ పేజీ చింపేస్తారని, ప్రతి పుస్తకంలోనూ ముప్పై మూడో పేజీ అడుగున, కుట్టు దగ్గర, ఇంకోసారి గుద్దేవారు. అది మా గుట్టు. రిటైరవుతూ నన్నూ, ఆ గుట్టునూ తన తర్వాత లైబ్రేరియన్‌గా వచ్చిన సువార్త గారి చేతిలో పెట్టారు.

సువార్త గారు పుస్తకం అడిగినవాళ్లకు లేదనలేరు. పాఠకులు రావడం తగ్గాక ఫోన్లో ఒక గ్రూపు పెడితే నాలుగు వేల మంది చేరారు. వాళ్లంతా ఒక కొత్త నవల కావాలని అడుగుతుంటే, మధ్యాహ్నం భోజనం మానేసి పేజీ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టేశారు. మొదటి పేజీ మీది ముద్రను తెల్లకాగితంతో కప్పారు. ముప్పై మూడో పేజీ దగ్గర మాత్రం ఆగలేదు. ఇరవై ఏళ్లుగా తన చేత్తో వేస్తున్న ముద్ర ఆవిడ కంటికి ఆనలేదు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

నెల తిరక్కుండా ఆ నవల రాసినాయన తరఫున లాయరు నోటీసు వచ్చింది. దానితోపాటు ఆ పేజీ ఫోటో. మూలన నేను, నా ఖాళీలో ఆవిడ చేతిరాత: 4417. ఆవిడ పైకి చదువుతూ "మూడేళ్ల వరకు జైలు" దగ్గర ఆగిపోయారు.

అటెండరు మస్తాన్‌వలి తలుపు దగ్గరగా వేశాడు. "మేడమ్, ఆ స్టాంపు ఇటియ్యండి, కాలవలో పడేసొస్తా. పీడా పోద్ది."

ఆవిడ నన్ను పిడికిట్లో బిగించారు. "లోపల పదకొండు వేల పుస్తకాలున్నయ్యి మస్తానూ. అన్నిట్లో ఇదే ముద్ర. అయ్యన్నీ పడేస్తావా?"

"పోనీ, మనకి తెలవదనండి. ఆ పుస్తకం పోస్ట్‌మాను ఏసోబు గారు పట్టుకెళ్లాడు. రిజిస్టర్లో సంతకం ఉందిగా. ఆయన మీదికి తోసెయ్యండి."

ఆవిడ రిజిస్టరు తెరిచి ఆ సంతకం వంక చాలాసేపు చూశారు. నోటీసు కంటే ఆ చూపుకే నేను ఎక్కువ భయపడ్డాను.

సోమవారం ఎస్సై వచ్చాడు. "ఈ పుస్తకం ఎవరైనా తీసుకెళ్లారా?"

"ఒకాయన తీసుకెళ్లాడండీ, తెచ్చిచ్చేశాడు. ఫోటోలు తీసింది నేనే." ఆవిడ రిజిస్టరు పక్కకి జరిపారు. "డబ్బుకి కాదండీ. చదువుకుంటారని..."

"ఎందుకు చేసినా కేసు కేసేనమ్మా. రాసినాయన ఉన్న డబ్బంతా పెట్టి అచ్చేయించుకున్నాడంట. ఫోన్లో ఊరకే వస్తుంటే ఎవురు కొంటారు? సరే, పోల్చి చూడాలి, ఈ కాగితం మీద ముద్ర వెయ్యండి."

ఆవిడ వాలుగా నొక్కేసరికి ముద్ర అలుక్కుపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

"సరిగ్గా వెయ్యమ్మా."

రెండోసారి ఆవిడ, కొత్త పుస్తకానికి వేసినట్టే, నిటారుగా నొక్కారు. అక్షరం పొల్లుపోకుండా పడింది.

ఇప్పుడు సాక్ష్యంగా కోర్టు బీరువాలో, గుడ్డసంచిలో, లక్క సీలు కింద ఉన్నాను. తాళం చప్పుడైతే చాలు, నా కోసమే వచ్చారనుకుంటాను. వాయిదా రోజున నన్ను బయటికి తీసి అడుగుతారు. ఆవిడ భోజనం మానేసి కూర్చున్న సంగతీ, ఏసోబు గారి పేరు నోట రానివ్వని సంగతీ నాకు తెలుసు. కానీ నా మొహాన ఉన్నవి మూడు వరుసలే. అడిగితే అవే చెబుతాను.